మూడు రోజుల ముందు తెలిసినా...

ఫిబ్రవరి రెండో పక్షంలో ఢిల్లీ నుంచి వెలువడే అఖిల భారత వాతావరణ నివేదిక ఏటా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పశ్చిమ హిమాలయాల మీదికి మరో పశ్చిమ అలజడి వస్తోందని, కశ్మీర్‌, హిమాచల్‌లలో మంచు కురుస్తుందని, పంజాబ్‌, హరియాణా మైదానాల్లో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుందని చెబుతుంది. రానున్న రెండు మూడు రోజుల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రతలు ఎన్ని డిగ్రీలు పెరుగుతాయో, ఎన్ని తగ్గుతాయో లెక్క ఇస్తుంది. దక్షిణాది వంతు వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలతో సరి. 'తెలంగాణలో పొడి వాతావరణం' అన్నది వాటిలో ఒకటి. చాలా రోజులు ఆ వాక్యం నిజమే అవుతుంది. నిజం కాని ఆ ఒక్క రోజునే రైతు మునుగుతాడు.

దేశాన్ని వాతావరణ శాఖ 36 ఉపవిభాగాలుగా చూస్తుంది. అందులో తెలంగాణ అంతా ఒకటే. ఆదిలాబాద్‌ అడవుల్లో వణికే గూడెమూ, గద్వాల నల్లరేగడీ, జనగామ రాళ్ల నేలా ఒకే వాక్యంలో ఇమడాలి. హైదరాబాద్‌ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా విడదీసి చెబుతుంది కనుక కొంత నయం. అయినా ఊరి దాకా వచ్చేసరికి ఆ మాట ఏమవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

జనగామ దాటి స్టేషన్‌ ఘన్‌పూర్‌ వైపు వెళ్లే జాతీయ రహదారి 163 మీద ఉన్న రఘునాథపల్లినే తీసుకుందాం. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్‌ జిల్లా. ఆనాటి నుంచి జనగామ జిల్లా. సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్‌ ఈ మండలంలోనిదే. పెద్ద నది లేదు, కాల్వల ఆయకట్టు అలవాటు లేదు. చెరువులు, బావులు, బోర్లు. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువులోకి చేరిన ఊళ్లలో కొంత నిబ్బరం ఉంటుంది, చేరని చోట బోరే దిక్కు. ఇలాంటి మండలంలో ఫిబ్రవరి ఆఖరుకు యాసంగి వరి పిలకలు పూర్తి చేసి పొట్టకు సిద్ధమవుతుంటుంది. ముందు నాటిన మడి ఈనడానికి దగ్గరవుతుంది. మామిడి పూత పిందెగా మారుతుంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకుంటుంది. పత్తి ఆఖరు ఏరుడు ఇంట్లోనో వాకిట్లోనో ఉంటుంది. మరికొంచెం తూర్పుకు పోతే నర్సంపేట, మహబూబాబాద్‌, పరకాల వైపు కల్లాల నిండా ఎర్రగా మిర్చి. ఆ మిర్చి ఎండి బస్తాకెక్కి వరంగల్‌ ఏనుమాముల మార్కెట్‌ చేరడానికి కావలసింది వరసగా నాలుగు పొడి రోజులు. అంతే. కానీ ఏ నాలుగు?

వానాకాలం గురించి మనకున్న పట్టింపులో నాలుగో వంతు కూడా ఈ ఋతువు మీద లేదు. రుతుపవనాలు కేరళ తీరాన్ని ఏ తేదీన తాకుతాయన్నది మొదటి పేజీ వార్త. ఏడాది వానలో రమారమి ఐదింట నాలుగు వంతులు జూన్‌ నుంచి సెప్టెంబరులోపే పడతాయి కనుక ఆ పట్టింపు సబబే. జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ కలిపినా తెలంగాణకు పదీ పన్నెండు మిల్లీమీటర్లకు మించి వాన రాదు. సగటులో చూస్తే ఏమీ లేనట్టే. చిక్కల్లా సగటుతోనే ఉంది. ఆ పది మిల్లీమీటర్లు పది ఊళ్లకు సమంగా పంచుకుని రావు. తొమ్మిది ఊళ్లు దుమ్ము రేగుతుంటే పదో ఊరి మీద అరగంటలో రాళ్లతో సహా దిగబడతాయి. మన పల్లెల్లో వీటిని చెడగొట్టు వానలనడం ఊరికే కాదు.

ఎందుకిలా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోతూ పోతూ ఆకాశంలో ఒక అసమానతను వదిలి పోతుంది. ఫిబ్రవరి ఆఖరుకల్లా దక్కన్‌ నేల మధ్యాహ్నానికి 35 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఐదారు కిలోమీటర్ల ఎత్తున మాత్రం ఇంకా చలికాలమే నడుస్తుంటుంది. ఉత్తరాదిన పోయే పశ్చిమ అలజడి ఒక్కోసారి దక్షిణం దాకా తోక చాచి, ఆ ఎత్తులో మరింత చల్లగాలిని ఇటు నెడుతుంది. అదే సమయంలో బంగాళాఖాతంలో అధిక పీడనం నిలిస్తే, దాని అంచు వెంట ఆగ్నేయం నుంచి తేమ గాలి తెలంగాణలోకి వస్తుంది. మహారాష్ట్ర వైపు నుంచి పొడి గాలి. ఈ రెండూ తలపడే గీత విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా సాగుతుంది. పత్రికల్లో 'ద్రోణి', 'గాలుల విచ్ఛిన్నత' అని కనిపించేది దీనినే. కింద వేడి, మధ్యలో తేమ, పైన చలి: మేఘం నిట్టనిలువునా లేస్తుంది. దాని లోపలి నీటి బిందువు గడ్డకట్టే మట్టం వానాకాలంలో కన్నా ఈ రోజుల్లో నేలకు దగ్గర. అందుకే జూలైలో కరిగి చినుకుగా పడేది మార్చిలో రాయిగానే పడుతుంది.

ఈ గొడవంతా మూడు రోజుల ముందే కనిపెట్టవచ్చా? చాలా వరకు వచ్చు. వాతావరణ శాఖ భాషలో మూడు రోజుల లోపుది స్వల్పకాలిక అంచనా, ఆపైన పది రోజుల దాకా మధ్యకాలికం. మూడు గంటల లోపుది తక్షణ అంచనా, 'నౌకాస్ట్‌'. కంప్యూటర్‌ నమూనాల నైపుణ్యం ప్రపంచవ్యాప్తంగా దశాబ్దానికి ఒక రోజు చొప్పున పెరుగుతూ వచ్చిందని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. ముప్పై ఏళ్ల కింద రేపటి గురించి ఎంత నమ్మకంగా చెప్పేవారో, ఇవాళ దాదాపు అంత నమ్మకంగా నాలుగో రోజు గురించి చెబుతున్నారు. ద్రోణి ఎప్పుడు ఏర్పడుతుంది, తేమ ఎటు నుంచి వస్తుంది, ఏయే జిల్లాల మీద ఉరుముల మేఘాలు లేస్తాయన్నవి మూడు రోజుల ముందు దాదాపు తేలిపోతున్నాయి. 2023 మార్చి మధ్యలో కురిసిన రాళ్ల వానలకూ హెచ్చరికలు ముందే వచ్చాయి.

తేలనిది ఒకటే: ఎవరి చేను. వడగండ్లు పడే పట్టీ వెడల్పు ఒకటి రెండు కిలోమీటర్లు, పొడవు కొన్ని కిలోమీటర్లు. వాగుకు ఇవతల వరి నేలకు కరుచుకుంటే అవతల ఆకు కూడా చిరగదు. 2025 మేలో మన దేశం 'భారత్‌ ఫోర్‌కాస్ట్‌ సిస్టమ్‌' తెచ్చింది. అంతకు ముందు నమూనా దేశాన్ని 12 కిలోమీటర్ల గళ్లుగా చూసేది, ఇది 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. గొప్ప ముందడుగే, సందేహం లేదు. కానీ రెండు కిలోమీటర్ల పట్టీ ఆరు కిలోమీటర్ల గడిలోంచి ఇంకా జారిపోతూనే ఉంటుంది.

రాడార్‌ సంగతీ చూడాలి. మబ్బు లేచాక దానిని వెంబడించేది రాడార్‌. మనకు దగ్గరలోనిది హైదరాబాద్‌ది. రాడార్‌ కిరణం నేలకు సమాంతరంగా పోదు. అర డిగ్రీ వాలుతో బయల్దేరుతుంది, భూమి గుండ్రన కనుక దూరం పోయేకొద్దీ నేలకు ఇంకా ఎత్తవుతుంది. సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఉన్న రఘునాథపల్లి దగ్గర ఆ కిరణం నేలకు కిలోమీటరున్నర పైన పోతుంది. వరంగల్‌ దగ్గర రెండున్నర, భూపాలపల్లి దాటితే నాలుగు కిలోమీటర్లు. వడగండ్ల మేఘం పది పన్నెండు కిలోమీటర్లు లేస్తుంది కనుక అది రాడార్‌ కన్ను తప్పదు. అయితే దాని కింద గాలి ఎలా తిరుగుతోంది, రాయి కరిగిందా లేదా, ఈదురుగాలి ఎటు విరుచుకుపడుతోంది అన్నవి కిరణం కింది నీడలోనే ఉండిపోతాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క గాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా కూలాయి. అది చలికాలపు ముచ్చట కాదు కానీ, ఈ తూర్పు మూల రాడార్‌ కంటికి ఎంత దూరమో గుర్తు చేసింది. మిషన్‌ మౌసమ్‌ కింద కేంద్రం 2024 సెప్టెంబరులో 2,000 కోట్ల రూపాయలు ఆమోదించింది. కొత్త రాడార్లు దాని ప్రణాళికలో ఉన్నాయి. వరంగల్‌ ప్రాంతానికి ఒకటి అడగడం అత్యాశ అనిపించుకోదు.

ఇక అంచనా చెప్పే తీరు. జిల్లాలో 'ఒకటి రెండు చోట్ల' ఉరుములతో వాన అంటే, ఆ జిల్లాలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడుతుందని వాతావరణ శాఖ లెక్క. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా, 'చాలా చోట్ల' అంటే మూడు వంతుల దాకా. జనగామ జిల్లాలో 12 మండలాలు. మొదటి మాట నూటికి నూరు పాళ్లు నిజమైన రోజున వాన చూసేది మహా అయితే మూడు మండలాలు. మిగిలిన తొమ్మిది మండలాల్లో ఆ రాత్రి రచ్చబండ తీర్పు ఒకటే: వాతావరణ శాఖ మళ్లీ ఉత్త మాట చెప్పింది. ఇలా మూడుసార్లు జరిగితే నాలుగోసారి పరదా కప్పేవారుండరు. నాలుగోసారి పడేది ఆ ఊళ్లోనే కావచ్చు. టీవీ చానళ్లు ఎల్లో అలర్ట్‌కూ రెడ్‌ అలర్ట్‌కూ ఒకే డప్పు కొట్టడం ఈ చిక్కును మరింత పెంచింది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లు పెట్టిందే 'గమనించు', 'సిద్ధపడు', 'కదులు' అన్న తేడా తెలియడానికి. అన్నింటికీ 'ముంచుకొస్తున్న ముప్పు' అంటే మెట్లన్నీ చదునైపోతాయి.

పాత కార్తెల లెక్కను కూడా ఇక్కడ తలుచుకోవాలి. ఫిబ్రవరిలో ధనిష్ఠ, ఆపైన శతభిషం. ఏ కార్తెలో చలి తిరుగుతుంది, ఏ కార్తెలో గాలి మారుతుంది అన్నది తరాల సగటు. దానిని మూఢనమ్మకమని కొట్టేయడం సులువు, దానినే నమ్మి కూర్చోవడమూ సులువు. సగటు ఎంత మంచిదైనా ఈ వారం సగటు నుంచి ఎంత పక్కకు పోతోందో అది చెప్పదు. పైగా ఆ సగటే పక్కకు జరుగుతోంది. 2023 ఫిబ్రవరిలో దేశ సగటు పగటి ఉష్ణోగ్రత 29.54 డిగ్రీలు, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంతటి వేడి ఫిబ్రవరి లేదు. రెండేళ్లు తిరిగేసరికి 2025 ఫిబ్రవరి, రాత్రీ పగలూ కలిపిన సగటులో 22.04 డిగ్రీలతో దానినీ దాటింది. మామూలు కన్నా 1.34 డిగ్రీలు ఎక్కువ. ఒకటింబావు డిగ్రీయే కదా అనుకోవచ్చు. పిందె నిలుపుకోవలసిన మామిడి అలా అనుకోదు.

ఆ 2025 ఫిబ్రవరి ఆఖరు వారంలోనే కొంకణ్‌, గోవా తీరాల్లో వడగాల్పుల హెచ్చరిక వెలువడింది, చలికాలం ఇంకా లెక్క ప్రకారం ముగియకుండానే. తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా బాగా పెరిగితే వడగాలి కింద లెక్క. మైదానాల్లో ఆ గీత 40 డిగ్రీల దగ్గర ఉంది. అంటే జనగామలో ఫిబ్రవరిలో 37 కొట్టినా కాగితం మీద ఏ హెచ్చరికా ఉండదు. ఆ గీతలు మనుషుల ప్రాణాలను దృష్టిలో పెట్టుకుని గీసినవి, అవి అలాగే ఉండాలి. కానీ వరి పువ్వుకు గీత వేరు. ఉదయం తొమ్మిది, పన్నెండు గంటల నడుమ విచ్చుకునే ఆ పువ్వుకు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడుతుంది, గొలుసులో తాలు పెరుగుతుంది. రాత్రులు చల్లగా ఉండి, మంచు ఆకు మీద ఎక్కువ సేపు నిలిస్తే అగ్గి తెగులు. పగలూ రాత్రీ వేడెక్కితే మామిడి పిందె రాలుడు. ఒకే వారంలో రెండూ రావచ్చు. పంట కోసం వేరే గీతలు గీసి, 'రానున్న మూడు రోజులు వరి ఈనిక మీద వేడి దెబ్బ' అని చెప్పే రంగుల పటం ఇప్పటికీ రైతు చేతికి రాలేదు. నాకు ఇది రాడార్‌ లేకపోవడం కన్నా పెద్ద లోటు అనిపిస్తుంది. ఎందుకంటే దీనికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు; ఉన్న అంకెలను పంట వయసు పక్కన పెట్టి చూసే మనిషి కావాలి.

ఆ మనిషి కొన్నాళ్లు ఉన్నాడు. గ్రామీణ కృషి మౌసమ్‌ సేవ కింద దేశంలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు కృషి విజ్ఞాన కేంద్రాల్లో నడిచాయి. మంగళ, శుక్రవారాల్లో వాతావరణ శాఖ అంకెలు తీసుకుని, స్థానిక పంటకు తగిన సలహాగా మార్చి పంపడం వాటి పని. మందు కొట్టడం రెండు రోజులు ఆపండి, యూరియా శనివారం దాకా చల్లకండి, కోసిన పంట ఎత్తేయండి అన్న మాటలన్నమాట. 2024 జనవరిలో వచ్చిన ఒక ఉత్తర్వుతో, ఆ ఆర్థిక సంవత్సరం ఆఖరుకు ఆ 199 విభాగాలూ మూతపడ్డాయి. సమాచారం ఎలాగూ యంత్రాలే సేకరిస్తున్నాయి కదా అన్నది అందుకు వినిపించిన వాదన. సేకరించడం వేరు, సలహాగా చెప్పడం వేరు. ఆ తర్వాత సూపర్‌ కంప్యూటర్ల మీద సగర్వంగా ఉపన్యాసాలు విన్నాం. గళ్లు సన్నబడ్డాయి, వాటిని చదివి చెప్పేవారు తగ్గారు.

అదే 2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ అంచనాలు మొదలయ్యాయి. ఫోన్లో ఊరి పేరు కొడితే ఆ ఊరి ఉష్ణోగ్రత, వాన, గాలి కనిపిస్తాయి. ఉద్దేశం మంచిది. అయితే రఘునాథపల్లి పేరు పక్కన 2.3 మిల్లీమీటర్లు అని కనిపించినంత మాత్రాన, అది రఘునాథపల్లి కోసం ప్రత్యేకంగా లెక్కగట్టిందని కాదు. పెద్ద గళ్ల లెక్కను పంచాయతీల మీదికి పరిచి ఇచ్చిన అంకె అది. దశాంశ స్థానం చూసి నమ్మకం పెంచుకునేవారికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికా సంస్థకు మండలాల్లో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. వాతావరణ శాఖ సొంత పరిశీలన కేంద్రం ఈ చుట్టుపక్కల ఉన్నది హనుమకొండలో. నిన్న ఎంత పడిందో చెప్పడంలో తెలంగాణ చాలా రాష్ట్రాల కన్నా ముందుంది. రేపు ఏం చేయాలో చెప్పడంలోనే వెనకబడింది.

ఇక తెలిసిన తర్వాత సంగతి. మూడు వరస ఏళ్లు ఈ ప్రాంతానికి మూడు పాఠాలు నేర్పాయి.

2022 జనవరి రెండో వారంలో వరంగల్‌, హనుమకొండ జిల్లాల్లో వాన, వడగండ్లు కలిసి మిర్చిని దెబ్బతీశాయి. అప్పటికే నల్ల తామర పురుగుతో సగం చచ్చిన తోటలవి. జనవరిలో వడగండ్లేమిటని ఆశ్చర్యపోయినవారే ఎక్కువ. 2023 మార్చిలో వికారాబాద్‌ జిల్లా మర్పల్లి వీధులు రాళ్లతో తెల్లబడి కశ్మీర్‌ను తలపించాయని ఫొటోలు ఊరూరా తిరిగాయి. అదే వారంలో వరంగల్‌, మహబూబాబాద్‌, కరీంనగర్‌, ఖమ్మం జిల్లాల్లో మొక్కజొన్న పడిపోయింది. రాష్ట్రంలో 2 లక్షల 28 వేల ఎకరాలకు పైగా నష్టం, అందులో సగానికి మించి మొక్కజొన్నే, 72 వేల ఎకరాలకు పైగా వరి అని ప్రభుత్వమే చెప్పింది. అప్పటి ముఖ్యమంత్రి మార్చి 23న పొలాలు చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి, 2024 మార్చి 31న అదే నాయకుడు, ఈసారి ప్రతిపక్ష నేతగా, జనగామ జిల్లా దేవరుప్పుల మండలం ధరావత్‌ తండాకు వచ్చారు. ఆయన చూసింది ఎండిన వరి. ఒక ఏడాది నీళ్లు పైనుంచి పడి ముంచితే, మరో ఏడాది కిందినుంచి రాక ముంచాయి.

2024 నాటి నష్టాన్ని ఏ మూడు రోజుల అంచనా ఆపలేదన్నది ఒప్పుకుని తీరాలి. స్వల్పకాలిక అంచనాకు లేని మహిమలు అంటగట్టడం దానికే చేటు. చెరువులో ఎన్ని అడుగులున్నాయి, బోరు ఎంత పోస్తోంది, రాబోయే రెండు నెలలు వేడి ఎలా ఉంటుంది అన్నవి నాట్లకు ముందు, డిసెంబరులో చూడవలసిన లెక్కలు. వాతావరణ శాఖ నెలాఖరులో ఇచ్చే నెలవారీ ఉష్ణోగ్రతల అంచనా ఆ పనికి. మూడు రోజుల అంచనా పని వేరు. కోత, ఎండబెట్టడం, మందు, ఎరువు, తడి. ఇవి రోజుల లెక్కన తీసుకునే నిర్ణయాలు.

వాటిలో కూడా అన్నీ రైతు చేతిలో లేవు. పాలు పోసుకుంటున్న మొక్కజొన్నను రాళ్ల వాన వస్తుందని కోసేయలేడు. పిందె మామిడికి పరదా కప్పలేడు. కల్లంలోని మిర్చికి కప్పగలడు, అదీ పరదా ఉంటే. అద్దె పరదాకు వాన పుకారు వచ్చిన రోజున రేటు పెరుగుతుంది, కూలీలకూ అంతే. కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. చేను మీద పెట్టుబడి అతనిది, నష్టపరిహారం పట్టా ఉన్నవారిది. ముందు తెలియడం వల్ల లాభపడేది ముందు కదలగలిగినవారే. ఈ ఒక్క మాటను అంచనాల గురించి మాట్లాడే శాస్త్రవేత్తలూ, పరిహారాల గురించి మాట్లాడే నాయకులూ ఇద్దరూ వదిలేస్తుంటారు. 

డబ్బు లెక్క కూడా తిరగబడి ఉంది. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం మూడో వంతు, అంటే 33 శాతం దాటి పంట పోతేనే సాయం. నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500. ఎకరాల్లోకి మారిస్తే మొదటిది ఏడు వేలకు లోపే. ప్రధానమంత్రి ఫసల్‌ బీమా యోజనలో వడగండ్లకు పొలం వారీగా పరిహారం అడిగే వీలుంది. కోసి ఆరబెట్టిన పంటకు పద్నాలుగు రోజుల దాకా రక్షణ ఉంది. నష్టం జరిగిన 72 గంటల్లో తెలపాలన్నది షరతు. తెలంగాణ 2020లో ఆ పథకం నుంచి తప్పుకుంది. అంటే 2022, 2023 రాళ్ల వానల నాడు ఈ రైతుకు ముందు 72 గంటల హెచ్చరిక దొరికింది కానీ, తర్వాతి 72 గంటల్లో తట్టడానికి తలుపు లేదు. మళ్లీ చేరతామన్న ప్రకటన 2024లో వచ్చింది. పథకంలో లోపాలున్నాయి, బీమా కంపెనీల మీద రైతుల ఫిర్యాదులున్నాయి. అయినా వడగండ్ల దెబ్బకు పొలం వారీగా అడిగే హక్కును రాష్ట్రం ఊరికే వదులుకుంది.

ఈ ఋతువుకు మరో ముఖముంది, అది పొలానికి సంబంధించింది కాదు. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ మేడారం జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. హైదరాబాద్‌ వైపు నుంచి వచ్చే బండ్లలో అత్యధికం రఘునాథపల్లి మీదుగా పోయేవే. లక్షల మంది ఆరుబయట, చెట్ల కింద, జంపన్న వాగు ఇసుకలో పడుకుంటారు. ఆ నాలుగు రాత్రుల్లో ఒక్క రాత్రి ఈదురుగాలి, ఉరుములు వస్తే ఏం జరుగుతుందో ఊహించడానికే భయం. జాతరకు మూడు గంటల తక్షణ అంచనా, దానిని మైకుల్లో చెప్పే ఏర్పాటు, ఏ చెట్ల కింద ఉండకూడదో ముందే గుర్తించడం బస్సుల ఏర్పాటంత అవసరం.

చేయదగిన పని మరీ దూరంలో లేదు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలున్నాయి, రమారమి ఐదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణ అధికారి అన్న లెక్కతో కట్టినవి. 2024 మార్చి 6 నుంచి మంగళవారాల్లో 'రైతు నేస్తం' పేరుతో శాస్త్రవేత్తలు అక్కడి తెరల మీద మాట్లాడుతున్నారు. వ్యవసాయ వాతావరణ సలహా వెలువడే రెండు రోజుల్లో ఒకటీ మంగళవారమే. ఇంతకన్నా మంచి పొత్తు కుదరదు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌ నెలల్లో ఆ గంటలో మొదటి పది నిమిషాలు రానున్న మూడు రోజులకు కేటాయించాలి. రాజేంద్రనగర్‌ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కాకుండా వరంగల్‌ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి, ఈ నేలల పంట వయసు ఎరిగినవారు చెప్పాలి. 'పన్నెండు మండలాల్లో రెండు మూడింటికి ముప్పు, ఏవో చెప్పలేం, అందుకే అందరూ కప్పుకోండి' అని నిజాన్ని నిజంగా చెబితే రైతుకు అర్థం కాకపోదు. పత్తి విత్తుకు ఎంత జూదం ఆడాలో లెక్కగట్టగలిగినవాడికి నాలుగింట ఒక వంతు అంటే ఏమిటో వేరే నేర్పక్కర్లేదు. ఆ వేదికలోనే వంద పరదాలు నిల్వ ఉంచి, హెచ్చరిక వచ్చిన రోజున నామమాత్రపు అద్దెకిస్తే, కౌలు రైతుకు పరిహారం కన్నా ముందు అందే సాయం అదే అవుతుంది.

అంచనా నెగ్గిందా ఓడిందా అన్నది రాసిపెట్టే అలవాటు కూడా లేదు. మండల కేంద్రాల్లోని యంత్రాలు వాన కొలుస్తాయి, రాళ్లను కొలవవు. వడగండ్లు ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ సైజులో పడ్డాయన్న వివరం పంట నష్టం లెక్కల్లో కూడా నమోదు కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్‌ కాలిన్స్‌లో 1997లో వరద ముంచెత్తాక, ఊరిలోనే ఒక మూల కుండపోత, మరో మూల మామూలు వాన పడిందని తేలింది. మరుసటి ఏడాదే అక్కడి విశ్వవిద్యాలయం మామూలు జనం చేతికి వాన కొలిచే గొట్టాలు, రాళ్ల దెబ్బ గుర్తులు పడే మెత్తటి పలకలు ఇచ్చింది. బడిపిల్లలు, రైతులు, రిటైరైన ఉద్యోగులు రోజూ పొద్దున చూసి రాసి పంపుతారు. ఆ పని తర్వాత దేశమంతా పాకింది. మన దగ్గర రాళ్ల వాన పడ్డ పది నిమిషాల్లో ప్రతి ఊళ్లో పది మంది ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. అవి వాట్సాప్‌లో రెండు రోజులు తిరిగి మాయమవుతున్నాయి. విస్తరణ అధికారి ఆ వీడియోకు ఊరి పేరు, సమయం, రాయి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటో జతచేసి పంపితే చాలు. ఐదేళ్లలో జనగామ, వరంగల్‌ జిల్లాలకు వడగండ్ల పటం ఒకటి తయారవుతుంది. ఏ ఊళ్ల మీద మళ్లీ మళ్లీ పడుతున్నాయో, ఏ హెచ్చరిక నిజమైందో, వరంగల్‌కు రాడార్‌ ఎందుకు కావాలో ఢిల్లీకి రాసే ఉత్తరంలో అప్పుడు ఆ పటాన్ని జతచేయవచ్చు.